తొమ్మిదో నంబరు చొక్కా

రక్తం పడిన చొక్కాతో ఆడనివ్వరట. ఆ నియమం నాకు ఆ ఆదివారం దాకా తెలియదు.

నంద్యాలలో జిల్లా బాలికల హ్యాండ్‌బాల్ ఫైనల్ జరుగుతోంది. మా ఆళ్లగడ్డ జట్టుకూ, నంద్యాల జట్టుకూ పోటీ. రెండో సగంలో ఇంకా పన్నెండు నిమిషాల ఆట మిగిలుంది. మాకు పదిహేడు గోల్సు, వాళ్లకు పంతొమ్మిది. మా ఎలిజబెత్ ఎగిరి బంతి విసరబోతుంటే ఎదుటి పిల్ల మోచెయ్యి వచ్చి ముక్కుకు తగిలింది. నేను దూదితో పరుగెత్తేసరికి చొక్కా ముందు భాగమంతా ఎర్రగా తడిసింది. ముక్కు నుంచి రక్తం రెండు నిమిషాల్లో ఆగింది గానీ రెఫరీ ఆ పిల్లను లోపలికి రానివ్వలేదు. చొక్కా మార్చుకొని రమ్మన్నాడు.

మా దగ్గర మారు చొక్కా లేదు.

నేను ఆ జట్టుకు మేనేజర్‌ని. పేరు పెద్దదే. ఆడపిల్లల జట్టు ఊరు దాటితే వెంట ఒక ఆడమనిషి ఉండాలి కాబట్టి, కోచ్ జీవన్ కుమార్ భార్యనైన నా పేరు, కరుణ అని, కాగితంలో రాస్తారు. నేను చదివింది పదో తరగతి. నీళ్ల సీసాలు నింపడం, పిల్లల ఫోన్లు సంచిలో పెట్టుకోవడం, తలలు అల్లడం నా పని. ఆట గురించి నాకు తెలిసింది తక్కువ.

చొక్కాల గురించి మాత్రం తెలుసు. మా జట్టుకు చొక్కాలు కుట్టించి ఇచ్చింది ఆళ్లగడ్డలో కిరాణా కొట్టు వేణుమాధవ్ గారు. ఆయన కూతురు దివ్యశ్రీ మా జట్టులో తొమ్మిదో నంబరు. పది చొక్కాలు ఇచ్చారు. గ్రౌండుకు వచ్చే పిల్లలు పద్నాలుగు మంది. అందుకని మా ఊరి గ్రౌండులో లోపలికి పోయే పిల్ల బయటికి వచ్చిన పిల్ల చొక్కా తొడుక్కుంటుంది. నేను చున్నీ అడ్డం పట్టుకుంటాను. ఏళ్ల తరబడి అలాగే నడుస్తోంది. నంద్యాలకు పదిమందినే తీసుకొచ్చాం, మనిషికొక చొక్కా లెక్కన.

ఆ రోజు పొద్దున అందరు కోచ్‌లనూ కూర్చోబెట్టి పోటీల కార్యదర్శి మల్లికార్జున గారు నియమాలు చదివారు. ఏ పిల్లకు ఏ నంబరో రాసిచ్చాక మార్చకూడదు. చెప్పకుండా మారిస్తే మ్యాచ్ ఎదుటివాళ్లకు ఇచ్చేస్తారు. మా ఆయన విన్నాడు, ఆయన పక్కన కూర్చొని నేనూ విన్నాను.

దివ్యశ్రీ మొదటి సగంలోనే చేతి బొటనవేలు బెణికి బెంచీ మీద కూర్చొని ఉంది. మా ఆయన గడియారం వైపు చూశాడు, ఎలిజబెత్ చొక్కా వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేను చున్నీ తీశాను. దివ్యశ్రీ తొమ్మిదో నంబరు విప్పి ఇచ్చింది. ఎలిజబెత్ తొడుక్కొని లోపలికి పరుగెత్తింది.

తెలియక చేశామని చెప్పుకోవాలనే ఉంది. కానీ తెలిసే చేశాం. అధికారుల బల్ల దగ్గరికి పోయి ఇట్లా రక్తం పడింది, చొక్కా మారుస్తున్నాం అని చెప్తే ఒప్పుకునేవాళ్లేమో. మేం అడగలేదు. అడగడం మాకు అలవాటు లేదు, తొడిగి పంపడమే అలవాటు.

మా ఆయన సంగతి కొంచెం చెప్పాలి. ఉమ్మడి కర్నూలు జిల్లా జట్టుకు ఆయన తొమ్మిదేళ్లు ఆడాడు, రెండుసార్లు రాష్ట్ర జట్టులో కూడా ఉన్నాడు. ఇరవై ఆరో ఏట కుడి భుజం కీలు తప్పింది. కట్టు కట్టించుకొని మళ్లీ ఆడాడు, మళ్లీ తప్పింది. ఇప్పటికీ అటక మీది డబ్బా దించాలంటే నన్నే పిలుస్తాడు. ఆట పోయాక చాలామంది వేరే పనుల్లో పడి మర్చిపోతారు. ఈయన బళ్లో వ్యాయామం నేర్పే ఉద్యోగం చూసుకొని, ఆ బడి గ్రౌండులోనే ఇనుప పైపులతో గోలు కట్టించాడు. వలకు దుడ్లు లేకపోతే అవుకు రిజర్వాయరులో చేపలు పట్టేవాళ్ల దగ్గర పాత వలలు అడిగి తెచ్చాడు. వానకు తడిస్తే గోలు దగ్గర ఇప్పటికీ చేపల వాసన వస్తుంది. పద్దెనిమిదేళ్లుగా పొద్దున ఆరింటికల్లా అక్కడ ఉంటాడు. ఇన్నేళ్లలో ఆయన దగ్గర నేర్చుకున్న పిల్ల ఒక్కతి కూడా రాష్ట్ర జట్టు దాకా పోలేదు.

ఎలిజబెత్ పోతుందని ఆయన నమ్మకం. ఎడమచేతి వాటం, మంచి పొడవు. తల్లి ఆదెమ్మ మా చర్చి సంఘంలోనే ఉంటుంది, కూలి పని చేస్తుంది. ఈ ఏడు ఎలిజబెత్‌కు పదో తరగతి. రాష్ట్ర శిబిరానికి ఎంపికైన పిల్లలకు క్రీడా హాస్టల్లో సీటు ఇస్తారు. తిండి, బట్ట, ఇంటర్ చదువు అన్నీ వాళ్లవే. ఎంపిక కాకపోతే ఎండాకాలం నుంచి తల్లితోపాటు మిరప చేలకు పోవడమే. ఆదెమ్మ ఆ మాట నాతో ఏడ్చి చెప్పలేదు, పొద్దున బస్సు కాడ మామూలుగా చెప్పింది. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

ఎంపిక చేసే పెద్దాయన విజయవాడ నుంచి రావాలి. ఆయన రైలు ఆలస్యమై, రెండో సగం నడుస్తుండగా వచ్చి గ్రౌండు అవతలి వైపు కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో నోటు పుస్తకం. మా ఎలిజబెత్ రక్తం తుడుచుకొని తొమ్మిదో నంబరుతో లోపలికి పోయింది ఆ తర్వాతే.

మిగిలిన ఆటలో ఆ పిల్ల ఆరు గోల్సు వేసింది. నేను బెంచీ కింద చేతులు బిగించుకొని, ప్రభువా నీ చిత్తం అంటూనే, ఇంకొకటి, ఇంకొకటి అని అడుగుతున్నాను. చివరి గోలు వేసేటప్పుడు ముగ్గురు పిల్లలు మీద పడినా బంతి వదల్లేదు. ఇరవై నాలుగు, ఇరవై మూడు. గెలిచాం. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి గట్టిగా అరిచారు. మా ఆయన మాత్రం అరవలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకొని బల్ల వైపే చూస్తున్నాడు. అక్కడ ఎవరూ ఏమీ అనలేదు. అంతా అయిపోయిందనుకున్నాం.

భోజనాలయ్యాక మల్లికార్జున గారు మా ఆయన దగ్గరికి వచ్చి భుజం తట్టారు.

"ఏమప్పా జీవనూ, పద్దెనిమిదేళ్లకు నీ మొక్క కాసింది. మీ తొమ్మిదో నంబరును రాసుకున్నాడు పెద్దాయన. దివ్యశ్రీ కదా ఆ పాప పేరు?"

మా ఆయన తల ఊపాడు. అవునని ఊపాడో, ఊరికే ఊపాడో నాకు అర్థం కాలేదు. మల్లికార్జున గారు వెళ్లిపోయారు. పెద్దాయన నోటు పుస్తకంలో పేర్లు ఉండవు, నంబర్లు ఉంటాయి. పేర్లు పొద్దున మేం రాసిచ్చిన కాగితంలో ఉన్నాయి. ఆ కాగితంలో తొమ్మిది అంటే దివ్యశ్రీ.

నాలుగున్నరకు పేర్లు చదివి, కోచ్‌ల చేత సంతకాలు పెట్టించుకొని పెద్దాయన సాయంత్రం బండికి పోతాడని తెలిసింది. అప్పటికి రెండు దాటింది.

చేతులు కడుక్కునే కుళాయి దగ్గర మా ఆయనను పట్టుకున్నాను. ఏం చేద్దామని అడిగాను. చాలాసేపు కుళాయి తిప్పుతూ, కట్టేస్తూ నిలబడ్డాడు.

"చెప్తే కప్పు పోతాది," అన్నాడు. "పిల్లోళ్లందరి సర్టిఫికెట్లు పోతాయి. నన్నూ పీకేస్తారు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఆ పిల్లొగతే పోతాది."

ఆ మాట అన్నాక ఆయనే తల పక్కకు తిప్పుకున్నాడు. అందరూ బతకడానికి ఒక్కరు పోతే మేలు అనే లెక్క ఎవరు వేశారో చిన్నప్పుడే ఆదివారం బళ్లో విన్నాను. ఆ లెక్క వేసినవాళ్లే ప్రభువును సిలువకు పంపారు. కానీ ఆ మాట ఆయన ముఖం మీద అనడానికి నాకు నోరు రాలేదు. చున్నీ పట్టింది నేనే కదా. పైగా ఆ రోజు ఆరాధన మానుకొని ఈ ఆటకు వచ్చాం. దేవుడు దానికి ఇట్లా చేశాడా అని ఒక ఆలోచన వచ్చింది. మా మీద కోపం ఉంటే మా మీదే తీర్చుకోవచ్చు, ఆదెమ్మ బిడ్డ ఏం చేసింది అని ఇంకొక ఆలోచన. రెండూ తప్పు ఆలోచనలేమో. అక్కడ నిలబడి రెండూ అనుకున్నాను.

ఎలిజబెత్ గోడ నీడలో ఒంటరిగా కూర్చొని ఉంది. ముక్కు వాచింది. ఆ పిల్లకు సంగతి అప్పటికే తెలిసిపోయింది. పక్కన కూర్చుంటే తల ఎత్తకుండానే అడిగింది.

"చెప్తే కప్పు తీసేసుకుంటారా మేడం?"

"తీసేసుకుంటారు."

"సార్‌ను కూడా ఏమన్నా చేస్తారా?"

నేను ఊడిపోయిన ఆ పిల్ల జడ చేతిలోకి తీసుకొని అల్లసాగాను.

"అయితే చెప్పద్దు మేడం. మా యమ్మకు నేను చెప్పుకుంటాలే."

పదహారేళ్ల పిల్ల మాకు తప్పించుకునే వీలు కల్పిస్తోంది. ఆ వీలు ఎంత తేలికగా తీసుకోవచ్చో ఆ క్షణంలో నాకు తెలిసింది. సరేనమ్మా అంటే చాలు.

నాలుగు గంటలకు వేణుమాధవ్ గారు స్కూటరు మీద ఆళ్లగడ్డ నుంచి వచ్చారు. మ్యాచ్ ఆయన చూడలేదు. గెలిచామని కూతురు ఫోన్ చేస్తే మిఠాయి పెట్టె కట్టించుకొని బయలుదేరారట. గేటు దగ్గరే మల్లికార్జున గారు శుభవార్త చెప్పినట్టున్నారు, ఆయన ముఖం వెలిగిపోతోంది. మంచి మనిషే. వచ్చీ రాగానే మా ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఆడపిల్లకు ఆటలేందని మా వాళ్లంతా నన్ను తిట్నారు సార్. ఇప్పుడొగొగరికీ ఫోన్ చేసి చెప్తాండా."

నిజంగానే చేస్తున్నారు. భార్యకు, బావమరిదికి, ఆఖరికి కొట్లో గుమాస్తాకు కూడా. దివ్యశ్రీ తండ్రి పక్కన బెణికిన వేలు గుప్పిట్లో దాచుకొని నిలబడింది. ఆ పిల్ల నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో ఏముందో నాకు ఇప్పటికీ తేల్చుకోవడం చేతకాదు. వద్దని అడిగిందా, చెప్పమని అడిగిందా?

నాలుగున్నరకు బల్ల చుట్టూ అందరూ చేరారు. పెద్దాయన ఒక్కో పేరు చదువుతుంటే ఆ పిల్ల ముందుకు రావాలి, కోచ్ సంతకం పెట్టాలి. నంద్యాల పిల్లలు ఇద్దరు, బనగానపల్లె పిల్ల ఒకతి అయ్యారు. నాలుగో పేరు మాది.

"ఆళ్లగడ్డ, తొమ్మిదో నంబరు, దివ్యశ్రీ."

తండ్రి కూతురి వీపు మీద చెయ్యి పెట్టి ముందుకు నడిపించారు. పెద్దాయన కళ్లజోడు పైనుంచి చూసి, చేతికేమయిందమ్మా అని అడిగాడు. ఆటలో తగిలింది సార్ అని తండ్రే చెప్పారు. ఆ చేత్తోనే అంత బాగా ఆడావా అని పెద్దాయన మెచ్చుకున్నాడు. దివ్యశ్రీ నేల చూసింది. కాగితం మా ఆయన ముందుకు వచ్చింది. పైన పేరు రాసిన క్రీడాకారిణే ఆ నంబరుతో ఆడిందని ధ్రువీకరిస్తున్నాను, అని కింద అచ్చు వేసి ఉంది.

మా ఆయన పెన్ను తీసుకున్నాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. పెన్ను కాగితం మీద ఆనింది. ఆయన పేరులో మొదటి అక్షరం రాశాడు. నాకు కనిపించింది, రాశాడు. నేనే ముందుకు పోయి చెప్పాలని నోరు తెరిచాను గానీ గొంతు ఎండిపోయింది. నిజంగా ఎండిపోయిందా, నేనే ఆగానా అని చాలాసార్లు నన్ను నేను అడుగుతుంటాను.

రెండో అక్షరం దగ్గర పెన్ను ఆగింది. బండికి టైమవుతోంది, త్వరగా పెట్టండి అని పెద్దాయన అన్నాడు.

"సార్," అన్నాడు మా ఆయన. "మీరు చూసిన తొమ్మిది ఈ పాప కాదు. ఆడ గోడ కాడ నిలబడిందే, ఆ పాప. ఎలిజబెత్. రక్తం పడితే చొక్కా మార్పిచ్చినా. మీకెవరికీ చెప్పలే."

చున్నీ అడ్డం పట్టింది నేనే సార్, మేనేజర్‌ని, అన్నాను. అప్పటికి గొంతు వచ్చింది, ఆలస్యంగా.

మల్లికార్జున గారు ఎంతో బాధపడుతూనే నియమం మళ్లీ చదివారు. మ్యాచ్ నంద్యాలకు ఇచ్చారు. మా గోల్‌కీపరు పిల్ల కప్పును ఒడిలో పెట్టుకొని కూర్చొని ఉంది. దాన్ని ఆ పిల్ల చేతుల్లోంచి నేనే తీసుకోవాల్సి వచ్చింది. వదల్లేదు. రెండోసారి లాగాను.

వేణుమాధవ్ గారు గొంతు పెంచలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"అరగంట సేపు నా బిడ్డ రాష్ట్రానికి ఎంపికైనట్టే సార్. మా బంధువులందరికీ చెప్పినా. మీరు రెండు గంటల నుంచీ తెలిసే ఉన్నారంట. నేను వచ్చినప్పుడే చెప్పకూడదా?"

వేణుమాధవ్ గారు స్కూటరు వైపు నడిచారు. దివ్యశ్రీ తండ్రి వెనక నడిచి నాలుగడుగులు పోయి తిరిగి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నన్నొగ మాట అడగాల్సింది సార్. నేనే చెప్పేదాన్ని."

ఆ మాట అని వెళ్లిపోయింది. ఆ పిల్ల నిజంగా చెప్పేదా? చెప్పేదేమో. ఆ అవకాశం మేం ఇవ్వలేదన్నది మాత్రం నిజం.

పెద్దాయన నోటు పుస్తకం మూస్తూ, నేను చూసింది ఆటనే, కానీ ఆ మ్యాచే చెల్లదంటున్నారు, పైవాళ్లకు రాస్తాను, నా చేతుల్లో ఏమీ లేదు అన్నాడు. ఎలిజబెత్ పేరు ఒక కాగితం ముక్క మీద రాసుకొని జేబులో పెట్టుకున్నాడు. జేబులో పెట్టుకున్న కాగితం ఎంతవరకు పోతుందో ఎవరికి తెలుసు. తిరుగు బస్సులో పిల్లలెవరూ మాతో మాట్లాడలేదు. ఎలిజబెత్ పక్కన కూడా ఎవరూ కూర్చోలేదు.

ఆ తర్వాత ఎనిమిది రోజులు మా ఇంట్లో ఫోన్ మోగితే ఇద్దరం ఒకేసారి లేచేవాళ్లం. ఆదెమ్మ రోజూ పనికి పోతూ మా గుమ్మం ముందు ఒక నిమిషం ఆగి, ఏమన్నా తెలిసిందా అమ్మా అని అడిగి పోయేది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. నేను పొద్దునా సాయంత్రం ప్రార్థనలో కూర్చునేదాన్ని. నిజం చెప్పాం కాబట్టి ఇవ్వు అని అడగబోయి ఆగిపోయేదాన్ని. అంత ఆలస్యంగా చెప్పిన నిజానికి కూలి అడగవచ్చా?

తొమ్మిదో రోజు రెండు ఉత్తరాలు ఒకేసారి వచ్చాయి. ఎలిజబెత్ జనవరి ఐదున శిబిరానికి రావాలి, అక్కడ మళ్లీ ఆడించి చూసి ఉంచుకోవడమో పంపేయడమో తేలుస్తారని ఒక ఉత్తరం. జీవన్ కుమార్ రెండేళ్లపాటు ఏ జట్టుకూ శిక్షణ ఇవ్వకూడదు, ఆట జరిగే మైదానంలోకి అడుగు పెట్టకూడదని ఇంకొకటి. శిబిరానికి పదిహేడు రోజులు ఉంది.

ఉత్తరంలో ఎట్లా ఉంటే అట్లా నడుచుకున్నాడు మా ఆయన. బళ్లో ఉద్యోగానికి దానితో సంబంధం లేదు, అది పొద్దున తొమ్మిదింటి నుంచే. ఆరు గంటల గ్రౌండు మాత్రం మానేశాడు. గోడ బయట నిలబడి చూడొచ్చు కదా అన్నాను. అది కూడా పోవడమే అన్నాడు. పిల్ల ఒంటరిగా ఉండకూడదని నేను పోవడం మొదలుపెట్టాను. నాకు ఆట రాదు. ఎలిజబెత్ ఎవరూ లేని గోలులోకి బంతి విసిరేది, తనే పోయి తెచ్చుకునేది. కప్పు పోయిన కోపంతో మిగతా పిల్లలు రావడం లేదు. అడ్డుపడేవాళ్లు లేకుండా ఎన్ని వేసినా ఏం లాభమని నాకే అనిపించింది. ఆ సంగతి ఇంట్లో చెప్పాలంటే భయం. ఆయన రోజూ ఒకటే ప్రశ్న అడిగేవాడు, ఎంతమంది వచ్చారని. ఒకరు అని చెప్పేదాన్ని. రెండు రోజులు అట్లాగే గడిచాయి.

మూడో రోజు దివ్యశ్రీ సైకిల్ మీద వచ్చింది. వేలికి ఇంకా పట్టీ ఉంది. నాతో మాట్లాడలేదు, ఎలిజబెత్‌తోనూ మాట్లాడలేదు. సైకిల్ స్టాండు వేసి, గోలు ముందు గీత దగ్గర చేతులు పైకెత్తి నిలబడింది. ఎలిజబెత్ బంతితో పరుగెత్తుకొచ్చి ఎగిరింది. దివ్యశ్రీ ఒంటితో అడ్డుపడి కింద పడేసింది. దుమ్ము లేచింది. నేను అరవబోయాను. ఎలిజబెత్ లేచి, మోకాళ్లు దులుపుకోకుండానే వెనక్కి పోయి, మళ్లీ పరుగెత్తుకొచ్చింది. మళ్లీ పడింది. ఏడో సారో ఎనిమిదో సారో బంతి దివ్యశ్రీ చెయ్యి పక్కనుంచి వలలోకి పోయింది. దివ్యశ్రీ పోయి ఆ బంతి తెచ్చి ఎలిజబెత్ చేతికి విసిరి, మళ్లీ గీత దగ్గర నిలబడింది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన గుమ్మంలో కాఫీ తాగుతున్నాడు.

"ఎంతమంది?"

"ఇద్దరు."

గ్లాసు కింద పెట్టాడు. "రెండో పిల్ల యెవరు?"

చెప్పాను.

"అడ్డం పడతాందా?"

"పడేది కాదు, ఆ పిల్లను కింద పడేస్తాంది. మోకాళ్లు కొట్టుకపోయినాయి. రేపు నేను వద్దని చెప్తా."

"వద్దనాకు," అన్నాడు. "పడేయనీ. శిబిరంలో ఇంతకంటే గట్టిగా పడేస్తారు."